నవ్వించే ట్రైలర్‌లో ఎవరూ నవ్వకూడదు

ప్రియమైన మేనల్లుడికి ఆశీస్సులు.

గేమ్ షో కోసం రాసిన ఉత్తుత్తి సినిమా ట్రైలర్ స్క్రిప్టు చదివాను. జోకులు ఎక్కువయ్యాయిరా. అది ట్రైలర్‌లా లేదు, స్కిట్‌లా ఉంది.

ముందు జానర్ ఒకటే ఎంచుకో. హారరా, మాస్ యాక్షనా, కన్నీటి ప్రేమకథా, ఏదైనా సరే. షోలోని ఒక పిసరంత విషయానికి కొంపలు మునిగినంత బిల్డప్ ఇవ్వు. బజర్ మోగకపోవడం చాలు. ‘ముప్ఫై సెకన్లు. ఒక్క ప్రశ్న. కానీ ఆ బజర్...’ అని బరువైన గొంతు చెప్పి ఆగిందంటే సగం పని అయినట్టే. హారర్ మధ్యలో ఫైటు దూర్చావో, దేన్ని ఎగతాళి చేస్తున్నావో ఎవరికీ అంతుపట్టదు. ఫలానా సినిమాలో ఫలానా సీను తెలిస్తేనే పేలే జోకులు కూడా తీసెయ్.

నిడివి 75 సెకన్లు దాటనివ్వకు. మొదటి 15 సెకన్లు ప్రశాంతంగా: ఖాళీ సెట్టు, స్కోర్‌బోర్డు మీద సున్నాలు, మెల్లగా ముందుకు జరిగే కెమెరా. తర్వాతి 25లో గొడవ రాజుకోవాలి. ఇంకో 20 సెకన్లు పరుగే, ఒక్కో షాటు ముప్పావు సెకను మించకూడదు. అక్కడ సంగీతం టక్కున ఆపెయ్. ఒకటిన్నర సెకను నిశ్శబ్దం, ఆ వెంటనే నీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే మంచి జోకు. టైటిల్. టైటిల్ పడ్డాక మూడు సెకన్ల కొసరు.

స్టూడియోలో జనం ముందు వేస్తారు కాబట్టి ఒక సంగతి మరిచిపోకు. జోకు పేలిందంటే ఆ నవ్వు తర్వాతి డైలాగును మింగేస్తుంది. అందుకే పెద్ద జోకు ప్రతిదాని వెనక రెండు సెకన్లు మాటల్లేని షాటు పెట్టు, ఎవరో నోరు తెరుచుకుని చూస్తున్న ముఖం లాంటిది. నవ్వు రాకపోయినా ఆ ముఖం ఖాళీని కాపాడుతుంది. ఆన్‌లైన్‌లో పెట్టే కాపీలో మాత్రం ఆ ఖాళీలు సగానికి కుదించు, లేకపోతే సాగదీసినట్టుంటుంది.

నటులతోనే అసలు తంటా. కామెడీ చేసేవాళ్లకి కెమెరా కనబడగానే కనుబొమ్మలు ఎగురుతాయి. ‘ఇది కామెడీ’ అని వాళ్లతో అననే వద్దు, బజర్ మోగకపోతే ప్రాణం పోతుందని చెప్పు. బజర్ మీద వణికే బొటనవేలు, కణత మీంచి జారే చెమట బొట్టు, ఇవి బాగా దగ్గరగా తియ్యి. ఉత్త నీళ్లు చల్లితే లైట్ల వేడికి ఆరిపోతాయి. గ్లిజరిన్, నీళ్లు సమపాళ్లలో కలిపి స్ప్రే చెయ్యి, బొట్లు నిలుస్తాయి.

వాయిస్ ఓవర్ షూటింగ్‌కి ముందే రికార్డు చేసుకుని, బొమ్మని దానికి తగ్గట్టు కత్తిరించు. గొంతు గంభీరంగా ఉండాలని పిచ్ మరీ దించితే మాటలు ముద్దైపోతాయి. నెమ్మదిగా, మైకుకి జానెడు దూరంలో చదివిస్తే చాలు. సంగీతం నిజం సినిమాలోంచి ఎత్తుకురావద్దు, హక్కుల గొడవ మొత్తం ఎపిసోడ్‌నే ఆపేస్తుంది.

షో సెకనుకు 25 ఫ్రేముల్లో వెళ్తుంటే నువ్వూ 25లోనే తియ్యి, షట్టర్ సెకనులో యాభయ్యో వంతు. 24లో తీసి ఫ్రేములు కలిపి 25 చేస్తే, కెమెరా తిప్పినచోటల్లా చిన్న కుదుపు కనిపిస్తుంది. వెడల్పు తెర లుక్ కావాలంటే 1920×1080లో పైన, కింద చెరో 138 పిక్సెళ్లు నల్లపట్టీ వెయ్యి. తీసేటప్పుడే మానిటర్ మీద ఆ మేరకు టేపు అంటించుకో, లేకపోతే ఎడిటింగ్‌లో తలలు తెగుతాయి.

రఫ్ కట్, అంటే మొదటి విడత ఎడిటింగ్, అయ్యాక సంగీతం లేకుండా ఒక కాపీ నాకు పంపు. ఒట్టి మాటలకే నవ్వొస్తుందో లేదో చూసి చెబుతాను.

ఇట్లు,
మీ మావయ్య