బొమ్మలు సరిగ్గా రాకపోయినా స్కెచింగ్ క్లబ్బులో చేరొచ్చా? రాజమండ్రిలో మా ఆదివారాల సంగతి

మీరడిగింది ఇదీ: ఉద్యోగం మారి రాజమండ్రి వచ్చారు, చిన్నప్పుడు బొమ్మలు వేసేవారు, ఇరవై ఏళ్ళయింది కుంచె పట్టి, ఇక్కడ ఆదివారాలు కలిసి బొమ్మలు వేసేవాళ్ళలో చేరాలంటే ఎంత వచ్చి ఉండాలి, వాళ్ళు అసలు ఏం చేస్తారు అని.

ఏమీ రాకపోయినా పరవాలేదండి. నేను చేరిన రోజున ఆవుని వేస్తే, పక్కన కూర్చున్న ఆవిడ "పడవ బాగా వచ్చిందండీ" అన్నారు.

మాది పెద్ద క్లబ్బేం కాదు, రిజిస్ట్రేషన్ లేదు, చందా లేదు. రిటైరైన డ్రాయింగ్ మేస్టారు ఒకాయన, ఇంకో ముగ్గురు కలిసి మొదలుపెట్టారు. ఆదివారం పొద్దున్న ఆరుంపావుకి పుష్కరాల రేవు దగ్గర కలుస్తాం, అక్కణ్ణించి ఆ వారం ఎక్కడ అనుకుంటే అక్కడికి: కోటిలింగాల రేవు, గౌతమీ గ్రంథాలయం, ధవళేశ్వరం బ్యారేజీ, ఏడాదికోసారి కడియం నర్సరీలు (అక్కడికెళితే గానీ నా డబ్బాలో ఉన్న ఆకుపచ్చ ఒక్కటీ పనికిరాదని తెలీలేదు). రెండు గంటలు ఎవరి పని వాళ్ళది, మాటలుండవు. ఎనిమిదిన్నరకి అందరి పుస్తకాలూ మెట్ల మీద వరసగా తెరిచి పెడతాం. బాగుందనీ బాలేదనీ అనకూడదు, "ఈ నీడ ఎలా వేశారు" లాంటివి మాత్రం అడగొచ్చు. నాకు వచ్చిన కాస్తా ఆ పావుగంటలోనే వచ్చింది. తర్వాత టిఫిన్, ఎండాకాలమైతే రోజ్‌మిల్క్.

మొదట్లో అందరికీ తగిలేది పాత హేవ్‌లాక్ బ్రిడ్జి. 1900లో రైళ్ళు మొదలై 1997లో ఆగిపోయిన వంతెన, 56 స్పాన్లు (స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు). కొత్తగా వచ్చినవాళ్ళు ఒకటి నుంచి లెక్కపెట్టుకుంటూ గీస్తారు, పదోదానికే కాగితం అయిపోతుంది. నేను మూడు వారాలు అదే చేశాను. నాలుగో వారం మేస్టారు వచ్చి ఏమీ అనకుండా దగ్గరి రెండు స్తంభాలూ పెద్దవిగా వేసి, మిగతా వంతెనంతా ఒక్క సన్నటి గీతగా లాగేసి వెళ్ళిపోయారు. చూస్తే అవతలి ఒడ్డు వరకూ వంతెన ఉంది!

ఈ ఊరికి ఈ పిచ్చి ఇప్పుడు పట్టింది కాదు. చిత్రకారుడు దామెర్ల రామారావు గారు 1897లో ఇక్కడే పుట్టారు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దొర స్వయంగా చిత్రకారుడు, ఆయన ప్రోత్సాహంతోనే రామారావు గారు బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలుకి వెళ్ళారు. అడివి బాపిరాజు గారు కూడా ఆ దొర శిష్యుడే. చదువయ్యాక రామారావు గారు తిరిగొచ్చి ఇక్కడ చిత్రకళాశాల పెట్టారు, 1925లో మశూచి సోకి పోయారు, అప్పటికి ఇరవై ఎనిమిది నిండలేదు. బడిని ఆ తర్వాత నడిపించింది స్నేహితుడు వరదా వెంకటరత్నం గారు. మేస్టారు ఈ కథ చెప్పినప్పుడల్లా రామారావు గారి దగ్గర కంటే ఈయన దగ్గరే ఎక్కువసేపు ఆగుతారు. రోజూ వెళ్ళి తాళం తీసిన మనిషి ఆయన కదా అంటారు. దామెర్ల ఆర్ట్ గ్యాలరీ చూడకపోతే ముందు అది చూసి రండి.

మాలోనూ గొడవలు లేకపోలేదు. ఒక ఏడాది ఎగ్జిబిషన్ అన్నారు, హాలుకి అడ్వాన్సు కట్టాం, చివరి నిమిషంలో పెళ్ళివాళ్ళకి ఇచ్చేశారు, డబ్బు సగమే తిరిగొచ్చింది. అంతకంటే నష్టం ఏమిటంటే ఎవరి బొమ్మలు పెట్టాలి అని మొదలైన పేచీలో ఆరుగురు మానేశారు, వాళ్ళలో ఇద్దరు మా అందరికంటే బాగా వేసేవాళ్ళు. అప్పట్నించీ పోటీలు, ప్రైజులు అన్న మాటే ఎత్తం. లాక్‌డౌన్ రోజుల్లో వాట్సాప్‌లో బొమ్మలు పెట్టుకున్నాం గానీ, ఫోటోలు చూసి వెయ్యడం అలవాటైపోయి బయటికి రావడానికి బద్ధకం వచ్చింది. అలాంటప్పుడు హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రాడొకడు ఒక సంగతి చెప్పాడు. అమెరికాలోని సియాటిల్‌లో ఒక పత్రికలో పనిచేసే గాబ్రియేల్ కాంపనారియో 2007లో అర్బన్ స్కెచర్స్ అని ఒకటి మొదలుపెట్టాడు, కళ్ళెదురుగా ఉన్నదాన్ని అక్కడే కూర్చుని వెయ్యాలన్నది వాళ్ళ మొదటి నియమం. మేం వాళ్ళలో చేరలేదు, నియమం మాత్రం అరువు తెచ్చుకున్నాం. ఇప్పుడు పది పన్నెండు మందిమి.

సామాను గురించి టెన్షన్ వద్దు. పెన్సిలు, రబ్బరు, పన్నెండు రంగుల పెట్టె, ఒక లావు కుంచె, ఒక సన్నది. కాగితం దగ్గర మాత్రం పీనాసితనం చెయ్యకండి. స్కూలు డ్రాయింగ్ బుక్కు మీద నీళ్ళు పడితే అప్పడంలా ముడుచుకుంటుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే మందపాటి కాగితం) పెద్ద షీటు ఒకటి కొని ఎనిమిది ముక్కలు చేసుకుంటే రెండు నెలలు వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆకాశం వేసేటప్పుడు ముందు కాగితమంతా తడపాలి, లేకపోతే కుంచె ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళేలోపు ఆరిపోయి చారలు పడతాయి. డిసెంబరు మంచులో ఇంకో తంటా, ఎంతసేపటికీ ఆరదు, పుస్తకం మూసేస్తే రెండు బొమ్మలూ ఒకదానికొకటి అంటుకుంటాయి.

రేవులో కూర్చుంటే జనం మూగుతారు, దానికి సిద్ధపడండి. "నా బొమ్మ వెయ్యవా" అంటారు. ఒకసారి పిండం పెట్టడానికి వచ్చిన పెద్దాయన నా వెనక చాలాసేపు నిలబడి, నా బొమ్మలోని నది మీద ఒకచోట వేలు పెట్టి చూపించి, నీళ్ళు అక్కడ ఆ రంగులో లేవమ్మా అన్నారు. తలెత్తి చూశాను, నిజమే, అప్పటికి ఎండ పైకొచ్చి నీళ్ళు పాల టీ రంగుకి తిరిగాయి. నేను మాత్రం పుస్తకాల్లో గోదావరిలా నీలం పూసుకుంటూ కూర్చున్నాను.

ఈ ఆదివారం కోటిలింగాల రేవు అనుకున్నాం, అయినా ముందు పుష్కరాల రేవు దగ్గరికే రండి. మడత స్టూలు ఉంటే తెచ్చుకోండి, ఆ టైముకి మెట్లన్నీ తడిగా ఉంటాయి.