ప్రైవసీ పరీక్ష మెటీరియల్‌కు 90 వేల ప్యాకేజీ తీసుకోవాలా?

ప్రశ్న: మాది ఒంగోలు. లా చదివాను. చెన్నైలోని ఒక కంపెనీకి ఇంటి నుంచే కాంట్రాక్టులు చూసే పని చేస్తున్నాను. నెలకు 42,000 చేతికొస్తుంది. మా క్లయింట్లలో ఎక్కువమంది యూరప్ వాళ్లే. యూరప్ డేటా రక్షణ చట్టాల మీద పెట్టే సీఐపీపీ-ఈ పరీక్ష పాసైతే ప్రైవసీ టీమ్‌లోకి తీసుకుంటామని మా మేనేజర్ అంటున్నారు. ఒక శిక్షణ సంస్థ వీడియోలు, పుస్తకం, మాక్ టెస్టులు కలిపి 90,000 చెబుతోంది. క్రెడిట్ కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ కూడా ఉందట. ఒక ఫ్రెండ్ పాత పీడీఎఫ్, కొన్ని డంప్స్ (బయటికొచ్చిన అసలు పరీక్ష ప్రశ్నలు) టెలిగ్రామ్‌లో పంపింది. నా పేర 1,60,000 ఎఫ్‌డీ ఉంది. నెలకు 6,000 చీటీ కడుతున్నా, ఇంకా పాడలేదు. నా గొలుసు పొగాకు పంట పెట్టుబడికని నాన్న బ్యాంకులో పెట్టారు. ఇంటికి నెలకు 25,000 ఇస్తాను. ఏ మెటీరియల్ కొనమంటారు?

జవాబు: ముందు ఆ సంస్థను ఒక్కటే అడగండి, ఆ 90,000లో పరీక్ష ఫీజు ఉందా అని. మీరు రాసిన లిస్టులో వీడియోలు, పుస్తకం, మాక్ టెస్టులే ఉన్నాయి. ఫీజు లేదంటే మీ అసలు ఖర్చు ఇంకా మొదలే కాలేదన్నమాట.

ఈ పరీక్ష పెట్టేది ఐఏపీపీ అనే అమెరికా సంస్థ. మొదటిసారి రాయడానికి ఫీజు 550 డాలర్లు. లెక్క కోసం డాలర్ 90 రూపాయలు అనుకుందాం, 49,500 అవుతుంది. మన కార్డుతో డాలర్లలో కడితే బ్యాంకు ఫారెక్స్ మార్కప్, అంటే విదేశీ కరెన్సీకి అదనపు చార్జీ, వేస్తుంది. అది చాలా కార్డులకు 3.5 శాతం దాకా ఉంటుంది, దాని మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. అన్నీ కలిపితే సుమారు 51,500. పాసయ్యాక కథ అయిపోదు. సర్టిఫికేట్ నిలబడాలంటే రెండేళ్లకోసారి 250 డాలర్ల మెయింటెనెన్స్ ఫీజు కట్టాలి, ఆ రెండేళ్లలో చదువు కొనసాగిస్తున్నట్టు చూపే 20 క్రెడిట్లు కూడా సంపాదించాలి. ఐఏపీపీ సభ్యత్వం తీసుకున్నవాళ్లకు ఈ ఫీజు అందులోనే కలిసిపోతుంది. సభ్యత్వం లేకపోతే అదొక 22,500. అంటే పుస్తకం తెరవకముందే 74,000. ఫీజులు మారుతుంటాయి కాబట్టి కట్టే రోజు వాళ్ల సైట్‌లో ఒకసారి చూసుకోండి.

ఈ 74,000కి ఆ 90,000 కలపండి. 1,64,000. మీ ఎఫ్‌డీ మొత్తం పెట్టినా నాలుగు వేలు తక్కువ. తప్పితే మళ్లీ రాయడానికి 375 డాలర్లు, మార్కప్‌తో కలిపి 35,000 పైనే. ఆ ప్యాకేజీ కొన్నాక ఈ డబ్బుకు మీ దగ్గర చోటే ఉండదు. అందుకే నా మాట సూటిగా చెబుతున్నాను, ప్యాకేజీ వద్దు. రెండోసారి రాయాల్సి వస్తే చేతిలో డబ్బు ఉండేలా మెటీరియల్ ఖర్చు తగ్గించుకోండి.

మెటీరియల్ సంగతికి వద్దాం. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఈ పరీక్షకు కావలసిన ముఖ్యమైనవి ఫ్రీగా దొరుకుతుంటే చాలామంది వీడియోల కోసం వెతుకుతారు. పరీక్ష జీడీపీఆర్ అనే యూరప్ డేటా రక్షణ చట్టం చుట్టూ తిరుగుతుంది. 99 ఆర్టికల్స్, వాటి ఉద్దేశం చెప్పే 173 రిసైటల్స్, మొత్తం యూరోపియన్ యూనియన్ చట్టాలుండే యూర్-లెక్స్ సైట్‌లో ఉంది. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో చెప్పే గైడ్‌లైన్స్‌ను యూరోపియన్ డేటా ప్రొటెక్షన్ బోర్డు తన సైట్‌లోనే పెడుతుంది. సిలబస్‌ను ఐఏపీపీ బాడీ ఆఫ్ నాలెడ్జ్ అంటుంది. దాంతోపాటు ఏ భాగం నుంచి కనీసం ఎన్ని ప్రశ్నలు, గరిష్ఠంగా ఎన్ని వస్తాయో చెప్పే బ్లూప్రింట్ కూడా ఇస్తుంది. రెండూ ఫ్రీ. వీటిని ప్రింట్ తీయించడానికి ఒంగోలులో ఏ జిరాక్స్ షాపుకెళ్లినా రెండు మూడు వందలకు మించదు. మీ మొదటి ఖర్చు అదే కావాలి.

ఆ బ్లూప్రింట్ ముందు పెట్టుకుని, మీకు వచ్చినవాటికి టిక్ కొట్టండి. మీరు రోజూ చూసే కాంట్రాక్టుల్లో ప్రాసెసర్ (ఇంకొకరి తరఫున డేటా చూసే కంపెనీ) నిబంధనలు ఉంటాయి, అవి జీడీపీఆర్ ఆర్టికల్ 28 నుంచి వచ్చినవే. యూరప్ నుంచి ఇండియాకు డేటా రావడానికి జత చేసే స్టాండర్డ్ కాంట్రాక్టువల్ క్లాజులు, 2021లో కొత్తగా వచ్చినవి, మీ చేతిమీదుగా ఎన్నోసార్లు వెళ్లే ఉంటాయి. ఈ భాగాలకు మీరు డబ్బులిచ్చి వీడియో చూడనక్కర్లేదు, చెప్పేవాడికంటే మీకే ఎక్కువ తెలిసి ఉండొచ్చు. ఇబ్బంది పెట్టేది వేరే. యూరప్‌లో ఈ చట్టం ఎలా పుట్టింది, 1981 నాటి డేటా రక్షణ ఒప్పందం కన్వెన్షన్ 108 ఏమిటి, కౌన్సిల్ ఆఫ్ యూరప్‌కూ యూరోపియన్ యూనియన్‌కూ తేడా ఏమిటి, ఏ కోర్టు ఎక్కడిది. మన దగ్గర లా చదివినవాళ్లకు ఇవి కొత్త. వీటికోసం ఐఏపీపీ వాళ్ల పాఠ్యపుస్తకం ఒకటి కొనండి, తాజా ఎడిషన్. ఒక్కటి చాలు.

సెకండ్ హ్యాండ్ దొరికితే కొనొచ్చా అంటే, ఎడిషన్ చూసి కొనండి. ఒక చిన్న పరీక్ష చెబుతాను. ఆ పుస్తకంలో అమెరికాకు డేటా పంపడం గురించి ఉన్న చోటు తీయండి. అందుకోసం ఒకప్పుడున్న ప్రైవసీ షీల్డ్ అనే ఏర్పాటు ఇంకా నడుస్తున్నట్టు రాసి ఉంటే ఆ పుస్తకం 2020 జులైకి ముందుది, ఆ నెల 16న యూరోపియన్ యూనియన్ కోర్టు ఆ ఏర్పాటును కొట్టేసింది. 2023 జులైలో ప్రైవసీ షీల్డ్ స్థానంలో వచ్చిన డేటా ప్రైవసీ ఫ్రేమ్‌వర్క్ ప్రస్తావన లేకపోతే అదీ పాతదే. మీ ఫ్రెండ్ పంపిన పీడీఎఫ్‌కూ ఇదే పరీక్ష పెట్టండి. సిలబస్‌ను ఏటా సమీక్షిస్తారు, మార్పులుంటే సాధారణంగా సెప్టెంబరు ప్రాంతంలో అమల్లోకి వస్తాయి. కాబట్టి ఏ నోట్స్ కొన్నా, ఏ సంవత్సరం బ్లూప్రింట్ ప్రకారం రాశారో అడగండి. చెప్పలేకపోతే తీసుకోవద్దు.

డంప్స్ మాత్రం ఫోన్‌లోంచి తీసేయండి. అసలు పరీక్ష ప్రశ్నలను బయటపెట్టడం, వాడటం రెండూ అభ్యర్థి ఒప్పుకునే షరతులకు విరుద్ధం. పట్టుబడితే రిజల్ట్ రద్దవుతుంది, 50 వేల ఫీజు దానితోపాటే పోతుంది. పైగా మీరు చేరాలనుకునేది ప్రైవసీ టీమ్‌లో.

డబ్బు పెట్టాల్సిన చోటు ప్రాక్టీస్ ప్రశ్నలు. పరీక్షలో 90 ప్రశ్నలు, రెండున్నర గంటలు, 100 నుంచి 500 దాకా ఉండే స్కోరులో 300 రావాలి. చాలా ప్రశ్నలు ఒక కంపెనీ కథ చెప్పి, దాని మీద అడుగుతాయి. నాలుగు జవాబుల్లో రెండు సరైనవే అనిపిస్తాయి. చదివింది గుర్తుండటం వేరు, ఆ రెండింట్లో ఒకటి ఎంచుకోవడం వేరు. ఇది వీడియో చూస్తే రాదు, ప్రశ్నలు చేసి, తప్పైన ప్రతిదానికీ ఆర్టికల్ తీసి చదివితేనే వస్తుంది. ఐఏపీపీ వాళ్ల నమూనా ప్రశ్నలు ఒక సెట్, బయట మంచి పేరున్న ప్రశ్నల బ్యాంకు ఒకటి తీసుకోండి. పుస్తకంతో కలిపి మొత్తం 15,000 దాటనివ్వకండి.

ఇప్పుడు జేబు లెక్క. ఇంటి ఖర్చుకు మూడు నెలల డబ్బు, అంటే 75,000, ఎఫ్‌డీలో ముట్టుకోవద్దు. పొగాకు వేలంలో ధర ఎలా పలుకుతుందో ఎవరికీ తెలియదు, గొలుసు విడిపించడం ఆలస్యమైతే మీ మీదే పడొచ్చు. మిగిలిన 85,000లో మొదట 15,000 మాత్రమే తీసి మెటీరియల్ కొనండి. జీతంలో ఇంటికి, చీటీకి పోగా 11,000 చేతికి మిగలాలి కదా. మీకు నాలుగు వేలు ఖర్చైనా నెలకు 7,000 పక్కన పడుతుంది. ఐదు నెలలు చదివేసరికి 35,000. తప్పినా రెండోసారి ఫీజు దాదాపు అంతా అందులోంచే వెళ్తుంది. చీటీ పాట మాత్రం దీనికోసం పాడకండి, తోసి పాడితే ఎంత పోతుందో మీకూ తెలుసు.

పరీక్ష ఫీజు మొదటి రోజే కట్టొద్దు. కొన్నాక ఏడాది లోపు రాయాలి. మాక్ టెస్టుల్లో వరుసగా మంచి మార్కులు వస్తున్నాయనుకున్నప్పుడు కట్టండి. ఇంట్లో ఆన్‌లైన్‌లోనూ రాయొచ్చు, కానీ మధ్యలో కరెంటు పోతే ఆ టెన్షన్ ఎందుకు? పరీక్షలు నిర్వహించే పియర్సన్ వ్యూ సైట్‌లో చెన్నై సెంటర్ ఖాళీ చూపిస్తే, ముందు రోజు పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లి రాసి రండి.

నో కాస్ట్ ఈఎంఐ అన్నారు కదా. అందులో వడ్డీని డిస్కౌంట్ పేరుతో వెనక్కిచ్చినా, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీదే, ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అదీ మీదే. ఒక్క నెల బిల్లు పూర్తిగా కట్టలేకపోతే కార్డు వడ్డీ ఏడాదికి 40 శాతం పైకి వెళ్తుంది. ఇంకో సంగతి, మీ చదువుకు కట్టే ఈ ఫీజుకు ఆదాయపు పన్నులో ట్యూషన్ ఫీజు మినహాయింపు రాదు, అది పిల్లల చదువుకే.

పరీక్ష ఎంపిక విషయంలో మీకు సందేహం ఉన్నట్టు లేదు, ఉండక్కర్లేదు కూడా. క్లయింట్లు యూరప్ వాళ్లైతే ఇదే సరైనది. మన దేశపు డేటా రక్షణ చట్టం డీపీడీపీ 2023లో వచ్చినా, రూల్స్ 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, కంపెనీల మీద ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో మొదలవుతాయి. కాబట్టి దాని పేరుతో సర్టిఫికేట్లు అమ్మేవాళ్లు ఇక పెరుగుతారు. నెల్లూరులో నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లు ఇప్పటికే అడుగుతున్నారు. ఇండియన్ క్లయింట్లతో పని చేసేవాళ్లు ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్ పెట్టిన డీఎస్‌సీఐ వాళ్ల డీసీపీపీ అనే ప్రైవసీ సర్టిఫికేట్ చూసుకోవచ్చు. మీరు దానికోసం ఇప్పుడు ఖర్చు పెట్టొద్దు.

ఏ పైసా తీయకముందు మీ మేనేజర్‌కు ఒక మెయిల్ పెట్టండి. పాసైతే ఫీజు, పుస్తకం ఖర్చు కంపెనీ ఇస్తుందా, ఇస్తే ఎన్నాళ్లు ఉద్యోగంలో ఉండాలని షరతు పెడుతుంది, మెయింటెనెన్స్ ఫీజు కూడా ఇస్తుందా అని అడగండి. నోటి మాట వద్దు, జవాబు మెయిల్‌లోనే రావాలి. వాళ్లు ఒప్పుకుంటే బిల్లులన్నీ మీ పేరు మీదే, తేదీలతో తీసుకోండి. ప్యాకేజీ వాళ్లు ఈ లోపు ఫోన్ చేసి ఆఫర్ నెలాఖరు వరకే అంటారు. మీ మేనేజర్ జవాబు వచ్చేదాకా ఆగమనండి.