టిల్ట్‌రోటర్‌లో హెలికాప్టర్‌కీ విమానానికీ ఒకే స్టిక్ ఎలా సరిపోతుంది?

టిల్ట్‌రోటర్ అంటే రెక్కల చివరి రోటర్లను (తిరిగే పెద్ద పంకాలను) వాల్చగలిగే విమానం. రోటర్లు పైకి ఉంటే హెలికాప్టర్, ముందుకు వాలితే విమానం, మరి ఆ మధ్యలో పైలట్ దేంతో నడుపుతాడని అడిగారు. అదే స్టిక్, అవే పెడల్స్. మారేదల్లా వాటి మాట ఎవరు వినాలన్నదే. చదివినప్పుడు ఇది నాకు బుర్రకెక్కలేదు. తార్నాకలో మా మేడ మీద ఎక్కింది.

కోఠి గుజరాతీ గల్లీ నుంచి మోటార్లు, వాటిని వాల్చడానికి సర్వోలు (చెప్పిన కోణానికి తిరిగే చిన్న మోటార్లు) తెచ్చి రెండు రోటర్ల చిన్న మోడల్ చేశాను. ఎగరనివ్వకుండా తాడుతో వేలాడదీసి పరీక్షించేవాణ్ణి. రోటర్లు నిలువుగా ఉన్నంతసేపు ఏ పేచీ లేదు. స్టిక్ కుడికి నొక్కితే ఎడమ మోటారు వేగం పెరిగి, ఎడమ రెక్క లేచి, మోడల్ కుడికి ఒరిగేది. 45 డిగ్రీలు వాల్చాక అదే నొక్కు నొక్కితే ఒరుగుతూనే ముక్కు కూడా కుడికి తిప్పేసేది. రెండు రోజులు తల పట్టుకున్నాను. ఆ కోణంలో రోటరు పైకి ఎంత లాగుతుందో ముందుకూ అంతే లాగుతుంది మరి! పూర్తిగా వాల్చేస్తే ఆ తేడా ముక్కు తిప్పడానికే తప్ప ఒరగడానికి పనికిరాదు.

అమెరికా సైన్యం వాడే టిల్ట్‌రోటర్ వి-22 ఆస్ప్రేలోనూ చిక్కు ఇదే. హోవర్‌లో, అంటే గాల్లో ఒకేచోట నిలిచి ఉన్నప్పుడు, ఒరగడానికి రెండు రోటర్ల బ్లేడ్ల కోణాల్లో తేడా తెస్తారు. ముక్కు తిప్పడానికి ఒక రోటరు చక్రాన్ని ముందుకు, రెండోదాన్ని వెనక్కి వంచుతారు. వేగం అందుకున్నాక ఒరగడం రెక్కల వెనక అంచున కదిలే పలకల (ఫ్లాపెరాన్ల) పని, ముక్కు తిప్పడం తోక మీది నిలువు పలకల (రడ్డర్ల) పని. ఈ అప్పగింత స్విచ్ వేసినట్టు ఒక్కసారిగా జరగదు, కంప్యూటర్లు కొంచెం కొంచెంగా చేస్తాయి. పైలట్ బొటనవేలితో చిన్న చక్రం తిప్పి రోటర్లున్న ఇంజన్ గూళ్ళను వాలుస్తాడు, అంతే.

కంప్యూటర్ మీద ఇంత భారం వేశాక దానికి అందే సమాచారం తప్పయితే మాత్రం దిక్కులేదు. 1991 జూన్‌లో డెలవేర్‌లోని విల్మింగ్టన్‌లో ఐదో ఆస్ప్రే ప్రోటోటైప్ తొలిసారి ఎగిరినప్పుడే కూలింది. ఒరుగుడు వేగం కొలిచే మూడు జైరోల్లో రెండింటి వైర్లు తారుమారయ్యాయి. మూడింట్లో రెండు ఏది చెబితే అదే నిజమన్నది ఆ సిస్టమ్ లెక్క. తప్పు చెప్పే రెండూ కలిసి సరిగ్గా చెప్పేదాన్ని పక్కకు నెట్టేశాయి. లోపలున్న ఇద్దరూ బతికి బయటపడ్డారు.

నేనూ ఒకసారి నా మోడల్‌లో జైరో ఉన్న కంట్రోల్ బోర్డును తిరగేసి అతికించాను, అందుకే అది చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. మీరు మోడల్ మొదలుపెడితే, ప్రొపెల్లర్లు తీసేసి, బ్యాటరీ తగిలించి, చేత్తో కుడికి వంచి చూడండి. కుడి మోటారు వేగం పెరిగితేనే ప్రొపెల్లర్లు బిగించండి.