కొత్తగా ట్యాంకర్ కొన్న మేనల్లుడికి

చిరంజీవి శ్రీనుకి,

మామయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు సెకండ్ హ్యాండ్‌లో పెట్రోల్ ట్యాంకర్ బేరం చేశావని, అడ్వాన్సు కూడా ఇచ్చేశావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఇచ్చేముందు ఒక్కమాట అడిగి ఉంటే బాగుండేది. సరే, ఇచ్చేశావు. ఫోన్‌లో చెబితే సగం విని "అలాగే మామయ్యా" అనేస్తావు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను. మిగతా డబ్బు కట్టేలోపు చదువు.

ఆర్‌సీ నీ పేరుకి మారగానే బండి నీదైపోయిందని సంబరపడకు. ఇటుక మోసే లారీకి అది చాలు. పెట్రోలు మోసే ట్యాంకర్‌కి పెసో లైసెన్సు విడిగా ఉండాలి. మన లైన్లో అందరూ ఎక్స్‌ప్లోజివ్ లైసెన్స్ అంటారే, అదే. పెసో అంటే పెట్రోలు, పేలుడు సరుకుల భద్రత చూసే, నాగపూర్‌లో హెడ్డాఫీసు ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ. 2002 నాటి పెట్రోలియం రూల్స్ కింద ఈ లైసెన్సు ఇస్తుంది. అది పాత ఓనరు పేరునే ఉంటే నీకు పనికిరాదు, మార్పించుకోవాలి. ఆ లైసెన్సు, దానితోపాటు ఉండే ట్యాంకు డ్రాయింగ్ చేతిలో పట్టుకుని బండి దగ్గరికి వెళ్లు. ఛాసిస్ నంబరు అంకె అంకె సరిచూడు. పాత ట్యాంకు ఊడదీసి వేరే ఛాసిస్ మీద ఎక్కించి, రంగు వేసి అమ్మే మహానుభావులు ఉన్నారు. అలా ఎక్కించడానికి పెసో అనుమతి ఉండాలి. అది లేని బండి కొన్నావంటే నువ్వు కొన్నది లారీ కాదు, ఇనుము.

ఇంకోటి. 12 కిలోలీటర్ల బండి అన్నావు. పెట్రోలుకైనా డీజిలుకైనా ట్యాంకు మొత్తం కెపాసిటీలో 97 శాతమే నింపాలి. మిగిలిన మూడు శాతం ఖాళీ ఎందుకో మే నెలలో మన తుని రోడ్డు మీద మధ్యాహ్నం బండి నడిపినవాడికి చెప్పక్కర్లేదు. పెట్రోలు వేడికి పొంగుతుంది, దానికి చోటు కావాలి. "ఇంకో రెండు వందల లీటర్లు పట్టుద్ది సార్" అని ఎవడైనా అంటే వాడి మాట వినకు.

ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ సంగతి. బండికి ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి. నువ్వు కొనేది పాతది కాబట్టి ఏటా వెళ్లాల్సిందే అనుకో. నా రోజుల్లో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్లే ముందు ఆఫీసు బయట షాపులో ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, స్పార్క్ అరెస్టర్ అద్దెకి దొరికేవి. పొద్దున తగిలించి, సంతకం అయ్యాక సాయంత్రం తిరిగిచ్చేసేవారు. నేనూ ఒకసారి తెచ్చాను, దాచడం ఎందుకు. ఆ స్పార్క్ అరెస్టర్ అంటే సైలెన్సర్ నుంచి వచ్చే నిప్పురవ్వని ఆపేది. పెట్రోలు బండికి అది అద్దెకి తెచ్చుకోవడం ఎంత తెలివితక్కువో, ఇప్పుడు రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. సొంతవి కొను. ఎక్స్‌టింగ్విషర్ ట్యాంకు పక్కన 10 కేజీలది ఒకటి, క్యాబిన్‌లో చిన్నది ఒకటి. వాటి గేజులో ముల్లు పచ్చగీతలో ఉందా లేదా ప్రతి సోమవారం నువ్వే చూడు. బ్యాటరీ కటాఫ్ స్విచ్ తిప్పి చూడు, నిజంగా కరెంటు ఆగుతోందా అని. తుప్పు పట్టి బిగుసుకుపోయిన స్విచ్‌లు చాలా చూశాను, చూడ్డానికి ఉంటాయి, తిరగవు. ఎర్తింగ్ వైరు చివర క్లిప్పు కింద రంగు పేరుకుని ఉంటే గీకేయించు. రంగు మీద క్లిప్పు పెడితే ఎర్తింగ్ అందదు.

డ్రైవర్ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఏమనుకోకు. మామూలు హెవీ లైసెన్స్ చాలదు. ప్రమాదకరమైన సరుకు మోసే బండి నడపాలంటే ప్రభుత్వం గుర్తించిన సంస్థలో మూడు రోజుల ట్రైనింగ్ చేసి, లైసెన్సు మీద దానికి ఎండార్స్‌మెంట్, అంటే అనుమతి నమోదు, వేయించుకోవాలి. ఇది కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లో తొమ్మిదో రూలు. ఒక భారతీయ భాషతోపాటు ఇంగ్లీషు కూడా చదవడం, రాయడం రావాలని అందులోనే ఉంది. ఇంతకుముందు ఏడాదికోసారి రెన్యువల్ ఉండేది, 2019 చట్టం మార్చాక మూడేళ్లకి చేశారు. మూడేళ్లు కదా అని మర్చిపోతారు, అదే ప్రమాదం. తేదీ నీ ఫోన్‌లో పెట్టుకో, డ్రైవర్ ఫోన్‌లో కాదు. ఎండార్స్‌మెంట్ లేకుండా యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు బాధితులకి డబ్బు కట్టి, తర్వాత నీ ఇంటికొచ్చి నీ దగ్గర వసూలు చేసుకుంటారు. అలా తాతల నాటి పొలం అమ్ముకున్నవాణ్ణి నేను ఎరుగుదును.

సర్టిఫికెట్ చూసి ఊరుకోకు. ట్రెమ్ కార్డు డ్రైవర్ చేతికిచ్చి చదివించు. బండిలో ఉన్న సరుకు ఏమిటి, లీకైతే ఏం చెయ్యాలి, కంట్లో పడితే ఏం చెయ్యాలి అన్నీ అందులో ఉంటాయి. నా దగ్గర పదకొండేళ్లు చేసిన డ్రైవర్ ఒకడు, మంచి చెయ్యి, ఒక్క గీత కూడా పడనిచ్చేవాడు కాదు. ఒకరోజు కార్డు చదవమంటే లైను మీద వేలు పెట్టి మెల్లగా "ఎఫ్... ఐ... ఆర్..." అని ఆగిపోయాడు. పదకొండేళ్లుగా వాడి సీటు వెనక సంచిలో ఆ కార్డు ఉంది. తప్పు వాడిది కాదు, ఒక్కరోజు కూడా అడగని నాది. ఆ తర్వాత కార్డు తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించి డోరుకి అంటించాను.

ఇప్పుడు నేను ఎవరికీ పెద్దగా చెప్పని సంగతి. అప్పుడు నాకు యాసిడ్ ట్యాంకర్ ఉండేది. ఒకసారి వెళ్లేటప్పుడు కాస్టిక్ సోడా లై, అంటే కాస్టిక్ సోడా కలిపిన నీళ్లు, వేశాం. తిరుగు లోడు సల్ఫ్యూరిక్ యాసిడ్ దొరికింది. ట్యాంకు కడిగించాను, అది గుర్తుంది. లోపల ఏ సరుకుందో చెప్పే, బండికి ఉండే సమాచారం బోర్డు మాత్రం మార్పించలేదు. పది నిమిషాల పని. "ముందు బయల్దేరు, రేపు మారుద్దాం" అన్నది నేనే. రాత్రి రెండింటికి హైవే మలుపులో బండి పక్కకి పడింది. డ్రైవర్‌కి స్పృహ లేదు. క్లీనర్ కుర్రాడికి లోడేమిటో తెలియదు. ఫైర్ వాళ్లు టార్చి వేసి బోర్డు చూశారు, సరుకుని గుర్తించే యూఎన్ నంబరు 1824 అని ఉంది, అంటే కాస్టిక్. నీళ్లు కొట్టారు. చిక్కని సల్ఫ్యూరిక్ యాసిడ్ మీద నీళ్లు పడితే ఎలా చిమ్ముతుందో నీకు కెమిస్ట్రీలో చెప్పే ఉంటారు. ఒక ఫైర్‌మ్యాన్ ముంజేయి మొత్తం కాలింది. ఆసుపత్రికి వెళ్తే ఆయన తిట్టలేదు. "బోర్డు చూసే కొట్టామండీ" అన్నాడు, అంతే. దాని మీద 1830 అని ఉండాలి. ఒక్క నంబరు తేడా.

అందుకే చెబుతున్నా, ఈ కాగితాలూ బోర్డులూ ఆర్టీఓ కోసం కాదు. అర్ధరాత్రి నీ బండి దగ్గరికి మొదట వచ్చే, నిన్నెప్పుడూ చూడని మనిషి కోసం. బోర్డు బండికి రెండు పక్కలా, వెనకా, మూడుచోట్ల ఉండాలి. సరుకు పేరు అక్షరాలు 50 మిల్లీమీటర్ల ఎత్తుకి తగ్గకూడదు, యూఎన్ నంబరు 100 మిల్లీమీటర్లు, డైమండ్ ఆకారపు లేబుల్ 250 మిల్లీమీటర్ల చదరం. పెట్రోలుకి 1203, డీజిలుకి 1202. దాని మీద రాసిన ఫోన్ నంబర్లు అన్నింటికీ రాత్రి పదకొండింటికి ఒకసారి కాల్ చేసి చూడు. నేను చేశాను. ఒకటి "ఈ నంబరు ఉపయోగంలో లేదు" అంది. సరుకు పంపేవాడికీ బాధ్యత ఉంది, అదే మోటారు వాహనాల రూల్స్‌లో 131వ రూలు. 132 నీకు, 133 డ్రైవర్‌కి. యాక్సిడెంట్ అయితే వెంటనే పోలీస్ స్టేషన్‌లో చెప్పాలని 136. వాటిని బట్టీ పట్టక్కర్లేదు, ఎవరి తప్పు ఎవరి మీద పడుతుందో తెలిస్తే చాలు.

బండి పడితే జనం బిందెలు, క్యాన్లు పట్టుకుని వస్తారు. 2017 జూన్‌లో పాకిస్తాన్‌లోని అహ్మద్‌పూర్ ఈస్ట్ దగ్గర పెట్రోల్ ట్యాంకర్ బోల్తాపడితే అలాగే పట్టుకోడానికి వచ్చారు. మంట అంటుకుని రెండు వందల మందికి పైగా పోయారు. అందుకని డ్రైవర్‌కీ క్లీనర్‌కీ ముందే చెప్పు, ఇంజన్ ఆపి, కటాఫ్ తిప్పాక రెండో పని జనాన్ని దూరంగా తరమడం. కొట్టించుకున్నా సరే తరమమను. ఓనరుకి ఫోన్ మూడో పని.

మిగతావి చిన్నవి. ట్రాకింగ్ డివైస్ తప్పనిసరి అయింది, పాత బండిలో అది పనిచేస్తోందా చూసుకో. మామూలు ఇన్సూరెన్స్ కాక, ప్రమాదకరమైన సరుకు వల్ల బయటివాళ్లకి నష్టం జరిగితే పరిహారం కోసం 1991 పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం కింద పాలసీ విడిగా తీసుకోవాలి. ఏజెంటు దాని పేరెత్తడు, కమీషను తక్కువేమో. లోడుతో ఉన్న బండిని ధాబా దగ్గర పొయ్యి పక్కన ఆపితే డ్రైవర్‌ని అదే రోజు మానిపించు. రెండోసారి దాకా ఆగకు.

ఆదివారం పొద్దున్నే ఆటోనగర్‌లో ఉంటాను. ఖాళీ బండితో రా, పెసో లైసెన్సు ఒరిజినల్ తీసుకురా. డ్రైవర్‌ని కూడా తప్పకుండా తీసుకురా. వాడు ఎలా నడుపుతాడో తర్వాత చూద్దాం, ముందు కార్డు చదివిద్దాం. మీ అత్తయ్య కొత్త ఆవకాయ జాడీ ఇస్తానంటోంది, బస్సులో పట్టుకెళ్లు, ట్యాంకర్ క్యాబిన్‌లో పెట్టకు.

ఇట్లు,
మీ పెద్ద మామయ్య