ఆషాఢంలో తలుపుకు స్ప్రే చేయించకండి

శ్రావణంలో గృహప్రవేశం పెట్టుకున్నాం, టేకు సింహద్వారానికి వాల్‌నట్ రంగు స్టెయిన్ వేసి స్ప్రే చేయించాలనుకుంటున్నాం, మెలమైన్ మంచిదా పీయూ మంచిదా, గడపకూ అదే వేయించాలా అని అడిగారు. మీ ప్రశ్నలో నన్ను కలవరపెట్టిన మాట శ్రావణం. అంటే మీ పాలిష్ పని ఆషాఢంలో జరుగుతుంది. మేమూ సరిగ్గా అదే చేశాం.

ముందు అడిగినదానికి జవాబు. మెలమైన్, పీయూ (పాలీయురెథేన్) రెండూ మెరుపు కోసం చెక్క మీద చల్లే పారదర్శకమైన పూతలు, స్టెయిన్ వాటి కింద చెక్కకు పట్టించే రంగు. తలుపు బయటి ముఖానికి ఎండా వానా తగులుతుంటే, బయటి వాడకానికి అని డబ్బా మీద రాసి ఉన్న పీయూ వేయించండి. మెలమైన్ ఇంటి లోపలి పనికి తయారైనది. ఎండ పడే చోట వేస్తే పసుపుబారుతుంది, పగుళ్లు వస్తాయి. లోపలి గదుల తలుపులకు, అల్మారాలకు మెలమైన్ చాలు, అంతకు మించి ఖర్చు అనవసరం. అయితే ఏది వేయించినా, ఎప్పుడు వేయిస్తున్నారన్నదే నా లెక్కలో ముఖ్యం.

మా ఇల్లు రాజమహేంద్రవరంలో. 2022 ఆగస్టుకు ముహూర్తం పెట్టించాం. రెండేళ్లు సాగిన ఇంటిపనిలో పాలిష్ మేస్త్రీ చేతికి వచ్చినవి పన్నెండు రోజులు. కుళాయిల పని ఆలస్యమైంది, కరెంటు పని ఆలస్యమైంది, టైల్స్ సమయానికి రాలేదు. ఆ ఆలస్యాలన్నిటినీ చివర వచ్చినవాడి రోజుల్లోంచి కోసేశాం. ఎవరింట్లో చూసినా ఇదే వరస, నాకిది పెద్ద అన్యాయంగా తోస్తుంది. ఇంటికి వచ్చినవాళ్లు మొట్టమొదట చెయ్యి వేసేది తలుపు మీద. దానికి ఇచ్చేది వారం, పది రోజులు.

అది గోదావరి పొంగి ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక జారీ అయిన జూలై నెల. గోడలు చెమర్చేవి. జాడీలో ఉప్పు నీరైపోయేది. ఓ సాయంత్రం వాన తెరిపి ఇచ్చింది. తలుపు హాల్లో బల్లల మీద పడుకుని ఉంది. స్టెయిన్ ఆరింది, సీలర్ అనే అడుగు పూత రెండు కోట్లు అయ్యాయి, మెలమైన్ పైకోటు ఒక్కటే మిగిలింది. వెలుతురు చాలక పెద్ద బల్బు వేలాడదీశారు. స్ప్రే గన్ను ఈ చివర నుంచి ఆ చివరకు సాగుతుంటే వాల్‌నట్ రంగు తడితడిగా నిగనిగలాడింది. మా అత్తగారు కూడా వచ్చి చూసి, అద్దంలా ఉందే అని మురిసిపోయారు.

పది నిమిషాలు గడవలేదు. మధ్య పలక మీద మజ్జిగ తొణికినట్టు తెల్లని మసక లేచింది. అది అంచులకు పాకుతుండగానే బల్బు వెలుగుకు ఉసుళ్లు దిగాయి. చేటలతో ఎత్తిపోయాల్సినన్ని ఉసుళ్లు. వాటి రెక్కలు తడి పొరకు అతుక్కుపోతున్నాయి. మేస్త్రీ పిన్నీసు మొనతో ఒక్కొక్కటే తీయబోయాడు. తీసిన చోటల్లా గీత పడింది. కాసేపటికి చేతులు దించేసి, తలుపు వంక చూస్తూ అలాగే నిలబడిపోయాడు. తప్పు ఆయనది కాదు. తేదీ పెట్టింది మేము, ఆపుదామని ఉదయం ఆయన అంటే వద్దన్నదీ మేమే.

ఆ తలుపుతోనే గృహప్రవేశం చేశాం. మామిడి తోరణం, బంతిపూల దండలు ఎంత దట్టంగా కట్టినా ఆ మసక దాగలేదు. ఫొటోలన్నిటిలో ఉంది.

కార్తీకంలో మా పుట్టింటివారికి తెలిసిన ఒక పెద్ద మేస్త్రీని పిలిపించాం. ఆయన తలుపు మీద అరచేయి ఆనించి, "చెక్కకేమీ కాలేదమ్మా, పైన నీరు పట్టింది అంతే" అన్నారు. పూతను పల్చన చేయడానికి కలిపే థిన్నర్ గబగబా ఆవిరైపోతూ ఆ తడి పొరను చల్లబరుస్తుంది. చల్లని చెంబుకు చెమట పట్టినట్టే గాలిలోని తేమ దాని మీద వాలుతుంది. పొర గట్టిపడేసరికి తేమ అందులో చిక్కుకుని తెల్లగా కనబడుతుంది. మామూలు లక్కర్ అయితే నెమ్మదిగా ఆరే థిన్నర్‌ను పల్చగా చల్లి మసక విడగొట్టవచ్చట. మా మెలమైన్‌లో హార్డెనర్ కలిసి గట్టిపడింది కాబట్టి గీకక తప్పలేదు. 320 నంబరు ఉప్పుకాగితంతో రెండు రోజులు రుద్దారు. పలక అంచుల దగ్గర స్టెయిన్ కూడా లేచిపోతే అక్కడ మళ్లీ రంగు అద్దారు. ఆ తర్వాత పొడి గాలి ఉన్న రోజు చూసి, మంచు పూర్తిగా విడిచాక, పదకొండు గంటలకు గన్ను పట్టారు. చెక్కకు జానెడు దూరం. మణికట్టు తిప్పకుండా చెయ్యంతా కదిలేది. ముందు వేసిన చాలులో సగం మీదకు వచ్చేటట్టు తరువాతి చాలు. కంప్రెసర్ గొట్టంలో చేరిన నీటిని ముందే వదిలేశారు. ఆ తలుపు ఈరోజుకీ చెక్కుచెదరలేదు.

ఆయన్ను చూశాక నాకు ఒక నమ్మకం కుదిరింది. మేస్త్రీ ఎన్ని ఉప్పుకాగితాలు తెమ్మన్నాడో చూస్తే పని ఎలా ఉంటుందో ముందే చెప్పవచ్చు. సింహద్వారానికి నాలుగు కాగితాలు చాలన్నవాడిని నేనైతే పిలవను. 120, 180, 220 నంబర్ల కాగితాలతో, గరుకు నుంచి నునుపుకు వరుస తప్పకుండా, చెక్క నార వెంట రుద్దాలి. నారకు అడ్డంగా పడిన ప్రతి గీతలోనూ స్టెయిన్ దిగి నల్లగా తేలుతుంది. వడ్రంగి తుడవకుండా వదిలిన జిగురు మరక రంగు పట్టదు, మచ్చలా మిగిలిపోతుంది. టేకులో నూనె ఉంటుంది కాబట్టి స్టెయిన్‌కు ముందు థిన్నర్ గుడ్డతో ఒకసారి తుడిపించండి. ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసేవారిని చూశాను. తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క ముక్కను ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. పైన మొగలి ఆకుతో అదిమి మెరుపు తెస్తారు. ఆ బొమ్మను ముట్టుకున్నప్పటి నుంచీ, మెరుపంతా రుద్దుడులోనే ఉందన్న నా మాటను ఎవరూ మార్చలేకపోయారు.

ఇక వాల్‌నట్ రంగు విషయం. అంత డబ్బు పోసి టేకు కొని, దాని తేనెరంగును, గీతలను ముదురు స్టెయిన్ కింద ఎందుకు పూడ్చేస్తాం? మేమూ అదే చేశాం, ఇప్పటికీ బాధగానే ఉంది. వేయించి తీరాలనుకుంటే అదే చెక్క తుండు మీద పైకోటుతో సహా వేయించి, పగటి వెలుగులో చూడండి. స్టెయిన్ ఆరినప్పటి రంగు వేరు, పైకోటు పడ్డాక వచ్చే రంగు వేరు.

ఇంకొక్కటి, దీన్ని దయచేసి దాటవేయకండి. మా ఇంట్లో మొదటిసారి స్ప్రే చేసినప్పుడు సాయానికి వచ్చిన కుర్రాడు ముక్కుకు చేతిరుమాలు కట్టుకున్నాడు. పక్క గదిలో ఉన్న నాకే కళ్లు మండాయి, నీళ్లు కారాయి. మెలమైన్‌లోంచి కళ్లు మండించే ఫార్మాల్డిహైడ్ అనే వాయువు వస్తుంది. పీయూను గట్టిపరిచే హార్డెనర్‌లోని ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఊపిరితిత్తులకు పడక ఆస్తమా తేగలవు, ఒకసారి పడనితనం వచ్చిందంటే ఆ మనిషి ఇక ఆ పని చేయలేడు. గుడ్డ ఆవిరిని ఆపదు. ఆవిరిని పట్టే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు తలుపు ఖర్చులో ఎంత? ఇంటివాళ్లే కొనివ్వాలి. పని జరుగుతున్నంతసేపు ఆ దరిదాపుల్లో దీపం, అగరొత్తి, పొయ్యి ఏదీ వెలిగించవద్దు, థిన్నర్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది.

కాబట్టి మీరు చేయవలసింది ఇది. ముహూర్తం మార్చనక్కర లేదు. తలుపును నున్నగా రుద్దించి, తేమ పీల్చకుండా చేత్తో ఒక కోటు సీలర్ మాత్రం పూయించి బిగించేయండి. పాలు పొంగించండి. స్టెయిన్ మీకు కావాలనే ఉంటే అది సీలర్ కంటే ముందే పడాలి. స్ప్రే కార్తీకానికి పెట్టుకుని, ఆ మేస్త్రీకి ఇప్పుడే బయానా ఇచ్చేయండి, మాట తప్పకుండా వస్తాడు.

గడపకు ఏమీ వేయించవద్దు. దాని మీద వారం వారం నీళ్లు, పసుపు, కుంకుమ పడతాయి, అడుగులు పడతాయి, ఏ పొరా అక్కడ నిలవదు. మా గడపకు వేసిన మెలమైన్‌ను పెద్ద మేస్త్రీ చేత పూర్తిగా గీకించేశాను. ఇప్పుడది ఉత్త టేకు. శుక్రవారం పసుపు రాస్తే చక్కగా పట్టుకుంటోంది.