ట్రాక్టర్ వెనక పెట్టె ఇంట్లో చేసుకోవచ్చా? చేసుకోవచ్చు, కానీ పిన్నుల దగ్గర మొదలుపెట్టండి

మీరు అడిగింది ఇదీ: ట్రాక్టర్ ఉంది, చిన్న ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్, గ్రైండర్, డ్రిల్లు కొన్నారు. వెనక లిఫ్టుకు తగిలించే సామాన్ల పెట్టె, ముందు బరువులు పెట్టుకునే బ్రాకెట్ ఇంట్లోనే చేసుకోవచ్చా, ఎంత మందం ఇనుము వాడాలి అని.

చేసుకోవచ్చండీ. నేను వృత్తి వెల్డర్‌ని కాదు. ఇంటి వెనక రేకుల షెడ్డులో కొన్నేళ్లుగా ఇలాంటివే చేసుకుంటున్నాను. కొన్ని బాగా కుదిరాయి, కొన్ని పాత ఇనుములోకి వెళ్లాయి. పాత ఇనుములోకి వెళ్లినవాటిలో ఒక్కటి కూడా వెల్డింగ్ ఊడిపోయి పోలేదు. అన్నీ కొలతల దగ్గరో, బరువు దగ్గరో తేడా కొట్టినవే. అందుకే మీ మందం ప్రశ్నకు తర్వాత వస్తాను.

నా మొదటి పెట్టె చూడ్డానికి ముచ్చటగా వచ్చింది. మూలలు మూలమట్టానికి సరిగ్గా ఉన్నాయి, అతుకులు నున్నగా గ్రైండింగ్ చేశాను, రంగు కూడా వేశాను. ట్రాక్టర్ దగ్గరకు లాక్కెళ్లి తగిలిద్దామంటే ఎడమ పిన్ను ఎక్కింది, కుడి పిన్ను ఎక్కదు. పిన్నులు దూరే చెవులను వెల్డింగ్ చేశాక, చల్లారేటప్పుడు అతుకు వాటిని లోపలికి లాగేసింది. ఒక్కో చెవి నాలుగైదు మిల్లీమీటర్లు వంగింది, అంతే. ఆ నాలుగైదు మిల్లీమీటర్లకు రెండు రోజుల పని పోయింది, రంగుతో సహా.

కాబట్టి ముందు మీ ట్రాక్టర్ హిచ్ (వెనక పరికరాలు తగిలించే మూడు లింకుల అమరిక: కింద రెండు, పైన ఒకటి, ఆ పైదే టాప్ లింకు) ఏ కేటగిరీనో, అంటే ఏ సైజుదో తేల్చుకోండి. దీనికి ఐఎస్ఓ 730 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. కేటగిరీ 1 అయితే కింది పిన్నులు 22 మి.మీ., టాప్ లింకు పిన్ను 19 మి.మీ. పరికరం మీద రెండు కింది పిన్నుల భుజాల (పిన్ను మొదట్లో లావుగా ఉండే అంచుల) మధ్య దూరం 683 మి.మీ. టాప్ లింకు రంధ్రం కింది పిన్నుల కంటే 460 మి.మీ. ఎత్తులో ఉండాలి. కేటగిరీ 2 అయితే ఇవే వరసగా 28, 25, 825, 610 మి.మీ. ట్రాక్టర్ పుస్తకం దొరక్కపోతే కింది లింకు చివర ఉండే గుండు రంధ్రం కొలిచేయండి, తెలిసిపోతుంది. పక్కింటివాళ్ల కల్టివేటర్ చూసి కొలతలు తీసుకోకండి. అది ఎన్నిసార్లు వంగి, ఎన్నిసార్లు సాపు చేశారో ఎవరికి తెలుసు!

చెవులు లాగకుండా ఉండటానికి ఇప్పుడు నేను చేసే పని చాలా సులువు. పిన్ను సైజు గుండ్రటి రాడ్డు ఒకటి, పెట్టె వెడల్పు కంటే పొడవైంది, తీసుకుంటాను. ఆ రాడ్డును కింది పిన్నుల చెవులన్నింట్లోంచీ ఒకేసారి దూరుస్తాను. చెవుల మధ్య సరైన కొలతకు కోసిన పైపు ముక్కలు పెడతాను. ముందు టాకాలు (చిన్న చిన్న చుక్కల అతుకులు) మాత్రమే వేసి కొలత చూస్తాను. తర్వాత ఇటు ఒక అంగుళం, అటు ఒక అంగుళం, మళ్లీ ఇటు, ఇలా మార్చి మార్చి అతుకుతాను. ఒకే వైపు ఆపకుండా లాగిస్తే వేడంతా ఒక్క చోటే చేరి వంకర వస్తుంది. పూర్తిగా చల్లారాక రాడ్డు చిన్న సుత్తి దెబ్బకు బయటకు రావాలి. మొరాయించిందంటే ఎక్కడో లాగిందన్నమాట. అప్పుడు ట్రాక్టర్ దాకా వెళ్లకుండా అక్కడే సరిచేసుకోవచ్చు.

ఆ రంధ్రాల సంగతి కూడా చెప్పాలి. 22 మి.మీ. రంధ్రం చేతి డ్రిల్లుతో వేయాలని చూడకండి. బిట్టు ప్లేటు అవతలికి తేలే క్షణంలో పట్టేస్తుంది, డ్రిల్లు తిరగడం మొదలుపెడుతుంది, మణికట్టు కూడా దాంతోపాటే తిరుగుతుంది. స్టాండు డ్రిల్లు ఉంటే ప్లేటును క్లాంపుతో బిగించి, ముందు 6, తర్వాత 12, ఆపైన 22, తక్కువ వేగంలో, నూనె వేస్తూ వేయండి. చేతికి గ్లవ్స్ వద్దు, తిరిగే బిట్టు వాటిని లాక్కుంటుంది. స్టాండు డ్రిల్లు లేకపోతే లేతు పనివాళ్ల చేత ఆ నాలుగు చెవులకూ వేయించుకోండి, నామోషీ ఏమీ లేదు. గ్యాస్ కటింగ్‌తో మాత్రం రంధ్రం కోయించవద్దు. అంచు గరుకుగా, గట్టిపడి ఉంటుంది, పిన్నును కొరికేస్తుంది.

ఇక మందం. కొత్తవాళ్లందరూ (నేనూ అంతే) ఎంత మందమైతే అంత గట్టి అనుకుంటారు. ఇనుము లెక్క గుర్తుపెట్టుకోవడం తేలిక: ఒక చదరపు మీటరు, ఒక మిల్లీమీటరు మందం అయితే సుమారు 7.85 కిలోలు. 120 సెం.మీ. పొడవు, 60 వెడల్పు, 40 ఎత్తు ఉన్న మూత లేని పెట్టెకు 2.16 చదరపు మీటర్ల రేకు పడుతుంది. అదంతా 6 మి.మీ. ప్లేటుతో చేస్తే ఖాళీ పెట్టే 100 కిలోలు దాటుతుంది. 3 మి.మీ. రేకుతో అయితే 51 కిలోలు. బలం రేకు వల్ల రాదు, దాని కింద ఉన్న చట్రం వల్ల వస్తుంది. నేను అడుగున 50 మి.మీ. యాంగ్లర్‌తో (ఎల్ ఆకారపు ఇనుప పట్టీతో) చట్రం కట్టి, పక్కలకు 3 మి.మీ. రేకు, అడుగుకు 4 మి.మీ. రేకు వేస్తాను. చెవులకు మాత్రం 12 మి.మీ. పట్టీ. టాప్ లింకు చెవి దగ్గర నుంచి చట్రం వెనక అంచు దాకా రెండు ఏటవాలు పట్టీలు తప్పకుండా వేయండి. బరువు వేలాడినప్పుడు మొట్టమొదట వంగిపోయేది టాప్ లింకు చెవిని మోసే నిలువు స్తంభమే.

నాకు నిజంగా భయం వేసిన సంగతి ఇప్పుడు చెబుతాను. రెండో పెట్టె లోతుగా, వెనక్కి బాగా పొడుగ్గా చేశాను, ఎక్కువ సామాను పడుతుందని. తడి ఇసుక నింపుకుని గట్టు ఎక్కుతుంటే స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోయింది. తిప్పుతున్నా, ట్రాక్టర్ తిరగట్లేదు. ముందు చక్రాలు నేలను తాకీ తాకనట్టు ఉన్నాయి. లిఫ్టు మెల్లగా దించేసి, పారతో సగం ఇసుక అక్కడే పోసేసి వచ్చాను.

ఇంటికొచ్చి లెక్క వేసుకుంటే విషయం అర్థమైంది. వెనక ఇరుసు తక్కెడ ముల్లు లాంటిది. పెట్టె బరువు 300 కిలోలు, దాని మధ్యభాగం వెనక ఇరుసుకు 1.2 మీటర్ల వెనక ఉంది, ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 1.8 మీటర్లు అనుకోండి. 300ను 1.2తో గుణించి 1.8తో భాగిస్తే 200. అంటే ముందు చక్రాల మీద నుంచి 200 కిలోలు తగ్గుతుంది, వెనక చక్రాల మీద 500 కిలోలు పెరుగుతుంది. ఇది చదును నేల మీద, నిలబడి ఉన్నప్పుడు. ఎత్తు ఎక్కేటప్పుడు, గుంతలో పడి ఎగిరినప్పుడు ఇంకా తగ్గుతుంది. ట్రాక్టర్ సొంత బరువులో కనీసం 20 శాతం ముందు చక్రాల మీద మిగిలి ఉండాలన్నది పాటించాల్సిన లెక్క. అందుకే పెట్టెను అడ్డంగా వెడల్పు చేయండి, వెనక్కి పొడుగు చేయకండి. లిఫ్టు ఇన్ని కిలోలు ఎత్తగలదని పుస్తకంలో రాసిన అంకె కూడా చాలాసార్లు లింకు చివర దగ్గరిది. ఆ చివర నుంచి వెనక్కి వెళ్లే కొద్దీ అది తగ్గిపోతుంది.

రేకు కోసే ముందు అట్టతో ఒక నమూనా చేసుకోండి. పిల్లల ఆటలా ఉంటుంది, ఇంట్లోవాళ్లు నవ్వుతారు, అయినా చేయండి. దాన్ని లింకులకు తాడుతో కట్టి, లిఫ్టు పూర్తిగా పైకెత్తి చూడండి. టైర్లకు, మడ్‌గార్డులకు తగులుతుందా, టాప్ లింకు పెట్టె ముందు అంచుకు రాసుకుంటుందా, పీటీఓ షాఫ్టు (ఇంజిన్ శక్తిని వెనక పరికరాలకు అందించే తిరిగే కడ్డీ) కవరు మీద పడుతుందా, అన్నీ అప్పుడే బయటపడతాయి.

వెల్డింగ్ గురించి ఎక్కువ చెప్పను, అది చేతికి అలవాటు కావాల్సిందే. రేకుకు 2.5 మి.మీ. 6013 రకం వెల్డింగ్ రాడ్లు, చెవులకు 3.15 మి.మీ. 7018 రకం రాడ్లు వాడతాను. 7018 తడి పీలిస్తే అతుకు లోపల పగుళ్లు వచ్చే ప్రమాదం ఉంది, ప్యాకెట్ విప్పి షెడ్డులో వదిలేయకండి. 12 మి.మీ. పట్టీ అంచును గ్రైండర్‌తో ఏటవాలుగా తీస్తేనే అతుకు లోపలికి దిగుతుంది. ఎంతవరకు దిగుతోందో చూడాలంటే అదే మందం ముక్కలు రెండు ఒకవైపు మాత్రమే అతికి, సుత్తితో కొట్టి విరగ్గొట్టి చూడండి. అతుకు ప్లేటు మీద నుంచి పెంకులా లేచిపోతే కరెంట్ చాలట్లేదు. అన్నట్టు, ఎక్స్‌టెన్షన్ వైరును చుట్టగా ఉంచి వెల్డింగ్ చేయకండి, అది వేడెక్కి కరిగిపోతుంది. మొత్తం విప్పి పరవండి.

పాత గాల్వనైజ్డ్ పైపు చవగ్గా వచ్చిందని ఒకసారి అలాగే అతికాను. తెల్లటి పొగ వచ్చింది, పట్టించుకోలేదు. ఆ రాత్రి చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు. మర్నాటికి తగ్గింది కానీ అది జింకు పొగ పని. పూత మొత్తం గ్రైండర్‌తో తీసేసి, గాలి ఆడే చోట చేయాలి. రెండు వైపులా మూసేసిన పైపు అతికేటప్పుడు చిన్న రంధ్రం ఒకటి వదలండి, లేకపోతే లోపలి గాలి వేడెక్కి ఆఖరి అతుకును ఊదేస్తుంది. పాత ఆయిల్ డ్రమ్మును కోసి పెట్టె చేద్దామనుకుంటే ఆ ఆలోచన మానుకోండి. కడిగినా లోపల మిగిలిన ఆవిరి చాలు, డ్రమ్ము పేలిపోవడానికి.

ముందు బ్రాకెట్‌ను ట్రాక్టర్‌కు వెల్డింగ్ చేయకండి. ఆ భాగం చాలా ట్రాక్టర్లలో పోత ఇనుము, మామూలు రాడ్డుతో అతికితే పక్కనే పగులుతుంది. కంపెనీ వదిలిన బోల్టు రంధ్రాలు ముందు ఉండే ఉంటాయి. వాటికే తల మీద 8.8 అని (బలాన్ని తెలిపే అంకె) ముద్ర ఉన్న బోల్టులతో బిగించండి. వెల్డింగ్ పని ఏదైనా బ్రాకెట్‌ను విప్పి, నేల మీద పెట్టి చేయండి. విప్పడం కుదరకపోతే ముందు బ్యాటరీ వైర్లు తీసి, ఎర్త్ క్లాంపును అతికే చోటుకు పక్కనే పెట్టండి. దూరంగా పెడితే కరెంట్ బేరింగుల గుండా వెళ్లి వాటిని పాడు చేస్తుంది. డ్రైవర్ వెనక ఉండే రక్షణ చట్రానికి మాత్రం లైటు కోసం కూడా రంధ్రం వేయొద్దు, ఏదీ అతకొద్దు. స్టీరింగ్, బ్రేకు, ట్రాలీ లాగే హుక్కు, వీటి జోలికి నేను పోను. మిమ్మల్నీ పోవద్దనే అంటాను.

రంగు వేయడానికి ముందే బరువు పరీక్ష చేయండి. సగం బరువు వేసి జానెడు ఎత్తి ఒక గంట ఉంచండి, తర్వాత పూర్తి బరువు. పెట్టె కింద చేయి పెట్టకండి, దిమ్మలు పెట్టాకే కిందకి చూడండి. చెవుల మొదట్లో సన్నటి గీతలా ఏమైనా కనిపిస్తే అక్కడ మొత్తం కోసి మళ్లీ అతకాలి, పైన ఇంకో పూత వేస్తే ఆగదు. అడుగున నాలుగు మూలలా నీళ్లు పోయే రంధ్రాలు వేసి, ఆ తర్వాత రెడ్ ఆక్సైడ్ కొట్టండి.

మీ ట్రాక్టర్ కింది లింకు గుండు రంధ్రం 22 మి.మీ. ఉందో, 28 ఉందో కొలిచి రాయండి. దాన్నిబట్టి చెవులు ఎంత వెడల్పు పట్టీతో కోయాలో, రంధ్రం అంచు నుంచి ఎంత లోపలికి రావాలో చెబుతాను.