బూస్ట్ నొక్కితే బరబర తప్ప సౌండ్ పెరగట్లేదు!

ప్రశ్న: హన్మకొండలో బీటెక్ చదువుతున్నాను. ఒక 12ఏఎక్స్7, ఒక ఈఎల్84 వాల్వులతో (పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాలు) 5 వాట్ల గిటార్ ఆంప్లిఫయర్ సొంతంగా కట్టాను. స్పీకర్ మాత్రం పాత హోమ్ థియేటర్ వూఫర్. మొదటి వాల్వు క్యాథోడ్ దగ్గరున్న 22 మైక్రోఫారడ్ కెపాసిటర్‌కు స్విచ్ పెట్టి, దాన్నే బూస్ట్‌గా వాడుతున్నాను. నొక్కగానే ‘టప్’మంటోంది. బరబర పెరుగుతోంది కానీ సౌండ్ పెరగట్లేదు. ఇంకో ట్రయోడ్ స్టేజ్ (సిగ్నల్‌ను పెంచే ఇంకో మెట్టు) కలిపితే పెరుగుతుందా? అన్నట్టు, లోపల చెయ్యి పెట్టే ముందు కెపాసిటర్లను స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేస్తున్నాను. పర్వాలేదు కదా?

జవాబు: ముందు ఆఖరి మాట తేల్చుకుందాం. స్క్రూడ్రైవర్ పని ఇవాళే మానేయండి. మీ సప్లైలో 300 వోల్టులకు పైనే ఉంటుంది. ప్లగ్ పీకేసినా అది కెపాసిటర్లలో కూర్చునే ఉంటుంది. షార్ట్ చేస్తే నిప్పురవ్వ లేచి కెపాసిటర్ పాడవుతుంది, ఒక్కోసారి చెయ్యి కాలుతుంది. మొదటి ఫిల్టర్ కెపాసిటర్‌కు సమాంతరంగా 220 కిలో ఓమ్‌ల, 2 వాట్ల రెసిస్టర్ ఒకటి శాశ్వతంగా సోల్డర్ చేసేయండి. 47 మైక్రోఫారడ్ కెపాసిటరైతే నిమిషంలోపే దాదాపు ఖాళీ అవుతుంది. అయినా మీటరు పెట్టి చూడకుండా వేలు పెట్టొద్దు. ఆన్‌లో ఉండగా కొలవాల్సి వస్తే ఎడమ చెయ్యి జేబులో ఉండాలి. పెద్ద మెకానిక్కులందరికీ ఉండే అలవాటే ఇది.

ఇక బూస్ట్ సంగతి. మీ స్విచ్ పని చేయట్లేదనుకుంటున్నారు, బ్రహ్మాండంగా పని చేస్తోంది. ప్లేట్ రెసిస్టర్ 100 కిలో ఓమ్‌లు, క్యాథోడ్ రెసిస్టర్ 1.5 కిలో ఓమ్‌లు అనుకుంటే, కెపాసిటర్ లేనప్పుడు ఆ స్టేజ్ సిగ్నల్‌ను సుమారు 30 రెట్లు చేస్తుంది. కెపాసిటర్ కలిస్తే సుమారు 60 రెట్లు. అంటే బూస్ట్ 6 డెసిబెల్స్. ఇప్పుడు లెక్క చూడండి. గిటార్ నుంచి 0.1 వోల్టు వచ్చిందనుకుందాం. బూస్ట్ లేకుండానే మొదటి స్టేజ్ దాటేసరికి అది 3 వోల్టులు. తర్వాత వాల్యూమ్ కంట్రోల్, దాని వెనక 12ఏఎక్స్7లోని రెండో ట్రయోడ్, మళ్లీ కొన్ని పదుల రెట్లు. ఈఎల్84 పూర్తి పవర్ ఇవ్వడానికి దాని గ్రిడ్‌కు (సిగ్నల్ అందుకునే కాలికి) కావాల్సింది ఓ 7 వోల్టులే! వాల్యూమ్ సగంలో ఉన్నా అది ఎప్పుడో దాటిపోయింది. నిండిన కుండలో ఇంకో చెంబు పోస్తే కుండ పెద్దదవుతుందా? పొర్లేదంతా బరబరే. మూడో ట్రయోడ్ పెడితే ఇంకా పొర్లుతుంది, అంతే.

నమ్మకం లేకపోతే ఒక పరీక్ష చేయండి. సౌండ్ క్లీన్‌గా ఉండే దాకా వాల్యూమ్ తగ్గించి, అప్పుడు బూస్ట్ నొక్కండి. తేడా స్పష్టంగా వినిపిస్తుంది. స్టేజీ మీద వాడాల్సిన పద్ధతి కూడా ఇదే: రిథమ్ వాయించేటప్పుడు వాల్యూమ్ క్లీన్ దగ్గర పెట్టుకుని, సోలోకి బూస్ట్.

మొత్తంగా గట్టిగా వినిపించాలంటే డబ్బు పెట్టాల్సింది స్పీకర్ మీద. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్, అంటే పదింతల వాట్లు కావాలి. మీ వూఫర్ వెనక సెన్సిటివిటీ (ఒక వాటుకు ఎంత సౌండ్ ఇస్తుందో చెప్పే అంకె) 88 డెసిబెల్స్ అని ఉంటే, 97 ఉన్న 12 అంగుళాల గిటార్ స్పీకర్ కొనుక్కోండి. ఆ 9 డెసిబెల్స్ తేడా వాట్లను 8 రెట్లు చేసినట్టే. లోపల ఒక్క వైరు కదపకుండా మీ 5 వాట్లు 40 వాట్లలా పలుకుతాయి. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ 8 ఓమ్‌లదైతే స్పీకర్ కూడా 8 ఓమ్‌లదే తీసుకోండి. స్పీకర్ మార్చేటప్పుడు, పొరపాటున కూడా అది లేకుండా ఆన్ చేయొద్దు. ట్రాన్సిస్టర్ సెట్లతో పెరిగినవాళ్లకు ఇది అలవాటుండదు కానీ, వాల్వు సెట్టులో లోడ్ లేకుండా వాయిస్తే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదముంది.

ఆ 22 తీసేసి 0.68 మైక్రోఫారడ్ పెట్టి చూడమని మాత్రం గట్టిగా చెబుతాను. అది బాస్‌ను వదిలేసి మిడ్, ట్రెబుల్‌ను మాత్రమే లేపుతుంది. మీరు చెప్పే బరబరలో సగం, లావు తీగల బాస్ ఆ చిన్న పవర్ వాల్వును ముంచేయడం వల్లే. అది తగ్గి సోలో ముందుకొస్తుంది. నాకైతే బూస్ట్ అంటే ఇదే.

‘టప్’ సంగతి తేలికే. స్విచ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు కెపాసిటర్ రెండో కాలు గాల్లో ఉంటుంది. నొక్కగానే ఒక్కసారి ఛార్జ్ అవుతుంది. స్విచ్‌ను గ్రౌండ్ వైపు ఉంచి, దాని రెండు కాళ్ల మధ్య 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. కెపాసిటర్ ఎప్పుడూ ఛార్జ్ అయ్యే ఉంటుంది, టప్ పోతుంది. కాలితో నొక్కే స్విచ్ కావాలంటే క్యాథోడ్ నుంచి పొడవాటి వైరు లాగకుండా లోపల చిన్న రిలే (కరెంటుతో పని చేసే స్విచ్) పెట్టుకోండి.

ప్రశ్న: కాజీపేటలో చర్చి టీంలో గిటార్ వాయిస్తాను. ఫ్రెండ్ కట్టిచ్చిన వాల్వు ఆంప్ ఇంట్లో బాగానే ఉంటుంది. చర్చిలో మిక్సర్‌కు కలిపి బూస్ట్ వేస్తే ‘గుయ్’మని ఒకటే హమ్. ప్లగ్‌లో మూడో పిన్ను తీసేస్తే తగ్గింది. అలాగే ఉంచొచ్చా?

జవాబు: ఉంచొద్దు. ఈ ఆదివారం లోపే మళ్లీ పెట్టించండి. గిటార్ తీగలు కేబుల్ ద్వారా ఆంప్ చాసిస్‌కు (లోహపు పెట్టెకు) కలిసి ఉంటాయి. ఎర్త్ లేని చాసిస్‌కు లోపల ఎక్కడ కరెంటు తగిలినా అది మీ వేళ్ల దాకా వస్తుంది. అప్పుడు పెదవులు మైక్‌కు తగిలితే ఏమవుతుందో విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇంట్లో లేని హమ్ మిక్సర్‌కు కలపగానే వచ్చిందంటే, ఆంప్‌కూ మిక్సర్‌కూ వేర్వేరు దారుల్లో ఎర్త్ అంది గ్రౌండ్ లూప్ అయిందన్నమాట. ట్రాన్స్‌ఫార్మర్ ఐసొలేషన్ ఉన్న డీఐ బాక్స్ (సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపడేలా అందించే చిన్న పెట్టె) మధ్యలో పెడితే పోతుంది. అంతకన్నా సులువు, అసలు వైరు కలపకుండా ఆంప్ స్పీకర్ ముందు మైక్ పెట్టడం. వాల్వు సెట్టు రుచి తెలిసేది కూడా అలాగే. అప్పటికీ హమ్ ఉంటే గిటార్ జాక్ పీకి చూడండి. ఆగిపోతే అది గిటార్ పికప్ పట్టుకుంటున్నది, పక్కకు తిరిగి నిలబడండి. ఆగకపోతే మీ ఫ్రెండ్‌ను ఫిలమెంట్ వైర్లు (వాల్వులను వేడెక్కించే వైర్లు) పురి తిప్పాడో లేదో అడగండి. బూస్ట్‌ను తిట్టకండి, అది మొదటి వాల్వు దగ్గర ఉన్న హమ్‌ను కూడా రెట్టింపు చేసి వినిపిస్తోంది, అంతే.

ప్రశ్న: జమ్మికుంట మాది. తాతగారి పాత వాల్వు రేడియో అటక మీద ఉంది. దాన్ని గిటార్ ఆంప్‌గా మార్చొచ్చా?

జవాబు: ముందు ప్లగ్ పీకి, వాల్వుల మీద పేర్లు చదవండి. ‘యూసీఎల్82’, ‘యూవై85’ లాగా ‘యూ’తో మొదలైతే ముట్టుకోకుండా మళ్లీ అటక ఎక్కించండి. వాటి ఫిలమెంట్లు 100 మిల్లీయాంపుల మీద వరుసగా కలిపి ఉంటాయి. అలాంటి సెట్లలో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా చాసిస్ నేరుగా కరెంటుకే కలిసి ఉండడం మామూలు. దానికి గిటార్ తగిలించడమంటే తీగల మీద 230 వోల్టులు పెట్టుకోవడమే. ‘ఈ’తో మొదలైతే 6.3 వోల్టుల ఫిలమెంటు, లోపల సాధారణంగా ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. అది ఉందో లేదో కళ్లారా చూసుకున్నాకే ముందుకు వెళ్లండి. పాత ఫిల్టర్ కెపాసిటర్లన్నీ మార్చాల్సిందే.

కొత్తగా కట్టేవాళ్లు పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌ను వరంగల్‌లోనే చుట్టించుకోవచ్చు. 12ఏఎక్స్7, ఈఎల్84 రెండింటి ఫిలమెంట్లకూ కలిపి ఒక యాంపు కొంచెం దాటుతుంది, 6.3 వోల్టుల వైండింగ్ 2 యాంపులకు చెప్పండి. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను మాత్రం మోటార్ వైండింగ్ షాపులో ఇవ్వొద్దు. ఒకే పవర్ వాల్వు ఉన్న సెట్టులో దాని గుండా డీసీ పారుతుంది కాబట్టి కోర్‌లో సన్నని గ్యాప్ వదలాలి. ఆ సంగతి తెలియకుండా చుడితే సౌండ్ పీలగా వస్తుంది. తెలిసినవాళ్ల దగ్గరే కొనండి. మిగతా చిల్లర సామానుకు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది.

ప్రశ్న: మంచిర్యాల నుంచి. ఇంత తంటా ఎందుకు, ల్యాప్‌టాప్‌లో ఆంప్ సాఫ్ట్‌వేర్ వాడితే సరిపోదా?

జవాబు: ఇంట్లో ప్రాక్టీసుకు, రికార్డింగుకు భేషుగ్గా సరిపోతుంది. న్యూరల్ ఆంప్ మోడలర్ ఉచితం. లినక్స్ అయితే గిటారిక్స్ కూడా ఉంది. అయితే ల్యాప్‌టాప్ మైక్ జాక్‌లో గిటార్ గుచ్చొద్దు. హై-జెడ్ ఇన్‌పుట్ (గిటార్‌ను నేరుగా గుచ్చే జాక్) ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (సౌండ్‌ను కంప్యూటర్‌కు అందించే పెట్టె) కావాలి. విండోస్‌లో దాని ఏసియో డ్రైవర్ (ఆలస్యం తగ్గించే సాఫ్ట్‌వేర్) వేసి, బఫర్ (సౌండ్‌ను కాసేపు కూడగట్టి ఉంచే జాగా) 128 శాంపిళ్లకు తగ్గించండి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఆ బఫర్ 2.7 మిల్లీసెకన్లే. చిటపటమంటే 256కు పెంచండి. 1024 దగ్గర వదిలేస్తే మీటిన తర్వాతెప్పుడో వినిపించి, తాళం తప్పుతుంది.